మైనస్ 162 డిగ్రీల దగ్గర ఒక కవాటం

విజ్ఞానశాస్త్రంలో గుండె పాఠం చదివినప్పుడు మనం ‘కవాటం’ అనే మాట నేర్చుకుంటాం. రక్తాన్ని ఒకవైపు పోనిచ్చి, వెనక్కి రాకుండా ఆపే చిన్న తలుపు అది. మరాఠీలో దాన్ని ఝడప అంటారు. మా పేటలోని రంగుల కార్ఖానాకు వెళ్లి కవాటం ఎక్కడుందని అడిగితే ఎవరూ చెప్పలేరు. వాల్వు ఎక్కడుందంటే వెంటనే చూపిస్తారు. అందుకే ఈ వ్యాసంలో రెండు మాటలూ వాడుతున్నాను.

చరిత్ర వ్యాసం అంటే మనలో చాలామంది భుయికోట గురించో, 1930 నాటి మార్షల్ లా గురించో, షోలాపూర్ చద్దర్ల గురించో రాస్తారు. అవి రాయాల్సినవే. నేను మాత్రం వాల్వు చరిత్ర రాస్తున్నాను, అది కూడా అన్ని వాల్వులది కాదు. భూమిలోంచి తీసిన సహజవాయువును మైనస్ 162 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరిస్తే అది నీళ్లలాగా ద్రవమైపోతుంది. 600 బకెట్ల గ్యాసు ఒక్క బకెట్ ద్రవంలో ఇమిడిపోతుంది. అలా చేస్తేనే దాన్ని ఓడల్లో నింపి సముద్రాలు దాటించగలరు. దానికి ఎల్‌ఎన్‌జి అని పేరు. ఆ ద్రవాన్ని ఆపడానికీ వదలడానికీ పెట్టే వాల్వును ఎలా ఎంచుకుంటారు, అలా ఎంచుకోవడం మనుషులు ఎలా నేర్చుకున్నారు అన్నదే నా విషయం.

మగ్గాల పేటలో ఉండేవాళ్లకు ఈ గొడవ ఎందుకని అడగవచ్చు. మా ఇంట్లో ఇద్దరు మనుషులు వాల్వుల మధ్యనే బతుకుతున్నారు. నాన్న నూలుకు రంగులు వేసే కార్ఖానాలో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. మా మేనమామది కరీంనగర్ వైపు ఊరు, గల్ఫ్‌లో ఒక ఎల్‌ఎన్‌జి ప్లాంటులో ఫిట్టర్. నాన్న చూసే పైపును ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మామ చూసే పైపును ముట్టుకున్నా చర్మం కాలినట్టే బొబ్బలెక్కుతుంది, కానీ చలితో. మామ సెలవుకు వచ్చినప్పుడల్లా భోజనాల దగ్గర వాళ్లిద్దరూ ఇవే మాట్లాడుకుంటారు. నానమ్మ బీడీలు చుట్టుకుంటూ ‘మీకు వేరే ముచ్చట లేదా’ అని కసురుకుంటుంది. నేను మాత్రం వినీ వినీ, తరవాత పుస్తకాలు చూసీ ఇది రాశాను.

ముందు వేడి సంగతి చెప్పాలి, ఎందుకంటే వాల్వును జాగ్రత్తగా ఎంచుకోవాలనే బుద్ధి మనుషులకు ఆవిరి దగ్గరే మొదలైంది. షోలాపూర్‌లో మొదటి పెద్ద మిల్లు, అందరూ జూనీ మిల్లు అని పిలుచుకునేది, 1877లో మొదలైంది. నిజాం రాజ్యం నుంచి వచ్చిన మన పద్మశాలి కుటుంబాలు ఎన్నో చేతిమగ్గాల మీద, తరవాత ఇటువంటి మిల్లుల్లో పొట్ట పోసుకున్నాయి. ఆ కాలపు మిల్లులు నడిచింది ఆవిరితో. ఆవిరి ఉన్నచోట బాయిలర్ ఉంటుంది, బాయిలర్ మీద సేఫ్టీ వాల్వు ఉంటుంది. ఒత్తిడి హద్దు దాటితే అది తనంతట తాను తెరుచుకుని ఆవిరిని బయటికి వదులుతుంది. డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1680 ప్రాంతంలో, ఎముకలను కూడా మెత్తగా ఉడికించే మూత బిగించిన కుండ ఒకటి తయారుచేసి, అది పేలకుండా దానిమీద బరువు పెట్టిన చిన్న కవాటం అమర్చాడు. మన వంటింటి కుక్కర్ మీది విజిల్ దానికి మనవరాలు అనుకోవచ్చు.

అయితే వాల్వు ఉంటే చాలదు, సరైన ఒత్తిడికి తెరుచుకునేది ఉండాలి, దాన్ని ఎవరూ కదపకూడదు. 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలి మనుషులు చనిపోయారు. ఆ తరవాత 1864లో బెంగాల్లో బాయిలర్లను తనిఖీ చేసే చట్టం తెచ్చారు. దేశమంతటికీ కలిపి బాయిలర్ల చట్టం 1923లో వచ్చింది. నాన్న కార్ఖానాకు ఇన్‌స్పెక్టరు వచ్చి సేఫ్టీ వాల్వును పరీక్షించి, ఎవరూ తిప్పకుండా సీలు వేసి పోతాడు. ఆవిరి ఇంకాస్త ఎక్కువ కావాలని దాని స్ప్రింగు బిగిస్తే ఏమవుతుందో నాన్నకు తెలుసు. ‘సేఠ్ చెప్పినా సరే, దానిమీద చెయ్యి పెట్ట’ అంటాడు.

ఇక చలి. ఇంగ్లండులో మైకేల్ ఫారడే గ్యాసులను నొక్కి, చల్లబరిచి ద్రవాలుగా మార్చే ప్రయోగాలు చేశాడు. 1823లో క్లోరిన్ లొంగింది. ఆ తరవాత చాలా గ్యాసులు లొంగాయి. 1845 నాటికి ఆరు మాత్రం ఎంత చేసినా లొంగలేదు. అవి ఆక్సిజన్, హైడ్రోజన్, నైట్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్, మీథేన్. ఇవి ఎప్పటికీ గ్యాసులుగానే ఉంటాయని అనుకుని వీటికి శాశ్వత వాయువులు అని పేరు పెట్టారు. సహజవాయువులో ఎక్కువ భాగం ఈ మీథేనే. అంటే ఈరోజు మామ వాల్వులోంచి పారే ద్రవం అప్పటి శాస్త్రజ్ఞుల లెక్కలో ఉండటానికే వీల్లేనిది.

ఆ లెక్క తప్పిన ఏడాది కూడా 1877, మన జూనీ మిల్లు పుట్టిన ఏడాదే. ఫ్రాన్సులో లూయీ కైయెటే అనే ఆయన ఇనుప కార్ఖానా కుటుంబంలో పుట్టినవాడు. గాజు గొట్టంలో ఎసిటిలీన్ గ్యాసును గట్టిగా నొక్కుతున్నాడు. మధ్యలో పరికరం లీకయింది. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయింది. గొట్టంలో క్షణంసేపు పొగమంచు లాంటిది కనిపించి మాయమైంది. ఇంకొకరైతే ఆ లీకును బాగుచేసుకుని పనిలో పడేవారు. ఈయన ఆ మంచు ఎందుకు వచ్చిందని ఆలోచించాడు. గ్యాసు ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడింది కాబట్టి! ఆక్సిజన్‌ను వాతావరణ పీడనానికి దాదాపు 300 రెట్లు నొక్కి, చల్లబరిచి, కావాలనే ఒక్కసారిగా వదిలాడు. మళ్లీ మంచు. శాశ్వత వాయువు ఒకటి లొంగింది. ఆ డిసెంబరు 24న పారిస్‌లో ఫ్రెంచి సైన్సు అకాడమీ సభలో ఆ సంగతి ప్రకటించారు. జెనీవాలో రౌల్ పిక్టే వేరే దారిలో అదే పని చేశాడన్న వార్త కూడా ఆ సభకే వచ్చింది.

నొక్కిపెట్టిన గ్యాసు సన్నని సందుల్లోంచి బయటపడితే చల్లబడుతుందని అంతకుముందే 1852లో జేమ్స్ జూల్, విలియం థామ్సన్ చూపించారు. సైకిలు ట్యూబులోని గాలి వదిలినప్పుడు వేలికి చల్లగా తగలడం మనకు తెలిసిందే. రెండింటి వెనుక కారణం అచ్చంగా ఒకటి కాదని మా సైన్సు టీచరు చెప్పారు, కానీ ఊహించుకోవడానికి అది చాలు. జర్మనీలో కార్ల్ లిండే 1895లో దీన్ని యంత్రంగా మార్చాడు. సందులోంచి వచ్చి చల్లబడిన గాలిని వెనక్కి తిప్పి, దానితో వెనకాల వచ్చే గాలిని చల్లబరిచాడు. ఆ చల్లబడిన గాలి మళ్లీ ఆ సందులోంచే రావాలి, ఇంకా చల్లబడాలి. అలా తిరిగి తిరిగి చివరికి గాలి బొట్లు బొట్లుగా రాలింది. ఆ సన్నని సందు ఒక వాల్వు. మనం వాల్వును తలుపు అనుకుంటాం, వచ్చేదాన్ని ఆపుతుంది, పోనిస్తుంది, అంతే. ఇక్కడ చలిని పుట్టించేదే వాల్వు. నేటి పెద్ద ద్రవీకరణ ప్లాంట్లలో ప్రొపేన్ లాంటి గ్యాసులతో సహజవాయువును మెట్టు మెట్టుగా చల్లబరుస్తారు. ఆ మెట్ల మీదంతా ఇలాంటి వాల్వులు ఉంటాయి. చాలాచోట్ల వాటికి జూల్-థామ్సన్ పేర్ల మొదటి అక్షరాలతో జేటీ వాల్వు అనే పేరు. మామకు జూల్ ఎవరో థామ్సన్ ఎవరో తెలియదు, కానీ రోజూ వాళ్ల పేరు పలుకుతాడు.

ప్రయోగశాలలో బొట్లు రాలడం వేరు, ఊరి మధ్యలో ట్యాంకు నింపడం వేరు. ఆ తేడా ఎంతో అమెరికాలో క్లీవ్‌లండ్ నగరం చూసింది.

అక్కడ ఈస్ట్ ఓహయో గ్యాస్ కంపెనీ 1941లో ఎల్‌ఎన్‌జి ప్లాంటు పెట్టింది. చలికాలంలో ఇళ్లకు, ఫ్యాక్టరీలకు గ్యాసు చాలదు కాబట్టి ముందే ద్రవంగా చేసి దాచుకోవాలని ఆలోచన. మొదట మూడు గుండ్రటి ట్యాంకులు కట్టారు. బాగానే పనిచేశాయి. తరవాత నాలుగోది, స్తంభంలా ఉండే పెద్దది కట్టారు. యుద్ధకాలం, మంచి లోహాలన్నీ యుద్ధ సామగ్రికి పోతున్నాయి. ట్యాంకు లోపలి గోడకు వాడిన ఉక్కులో నికెల్ మూడున్నర శాతమే. మామూలు ఉక్కును గట్టిగా చల్లబరిస్తే గాజులాగా పెళుసైపోతుంది. వేసవిలో సుత్తితో కొడితే వంగే ముక్క ఆ చలిలో పగులుతుంది. నికెల్ ఎక్కువ కలిపితే ఆ గుణం తగ్గుతుంది, కానీ మైనస్ 162కి ఆ మూడున్నర శాతం చాలలేదు.

1944 అక్టోబరు 20, శుక్రవారం మధ్యాహ్నం నాలుగో ట్యాంకు పగిలింది. చల్లని ద్రవం వీధుల్లోకి పారింది, మురుగు కాలువల్లోకి దిగింది, అక్కడ గ్యాసుగా మారి అంటుకుంది. మ్యాన్‌హోల్ మూతలు గాల్లోకి ఎగిరాయి. సుమారు ఇరవై నిమిషాల తరవాత ఆ వేడికి ఒక గుండ్రటి ట్యాంకు కాళ్లు కూలి అదీ పడిపోయింది. 130 మంది చనిపోయారు. ఆ ప్లాంటు చుట్టూ ఉన్నవి కార్మికుల ఇళ్లు, చాలామంది స్లోవేనియా నుంచి పనికోసం వలస వచ్చినవాళ్లు. ఇది చదువుతున్నప్పుడు నాకు మా గల్లీయే కళ్లముందు కనిపించింది. ఇక్కడా ఒక గోడకు ఇటువైపు ఇల్లు, అటువైపు మగ్గాల షెడ్డు. పనికి దగ్గరగా ఉండాలని వలస వచ్చినవాళ్లు ఎక్కడైనా ఇలాగే ఇళ్లు కట్టుకుంటారేమో. ప్రమాదం వచ్చినప్పుడు ముందు తగిలేదీ వాళ్లకే.

అక్కడ పగిలింది ట్యాంకే, వాల్వు కాదు. అయినా వాల్వు ఎంపికలో మొదటి ప్రశ్న మీద ఆ ప్రమాదం నీడ ఉంది. ఈ లోహం ఆ చలిలో పెళుసవుతుందా లేదా అన్నదే ఆ ప్రశ్న. ట్యాంకులకు తొమ్మిది శాతం నికెల్ ఉక్కు వాడడం తరవాత అలవాటైంది. వాల్వులకు, పైపులకు స్టెయిన్‌లెస్ స్టీలు వాడతారు, అదీ అన్ని రకాలూ కాదు, 304, 316 అనే అంకెలతో పిలిచే రకాలు. వాటి లోపల అణువుల అమరిక వల్ల మైనస్ 196 దగ్గర కూడా అవి వంగుతాయి గానీ పగలవు. నూలు కొనేటప్పుడు మన పెద్దవాళ్లు ‘ఎన్నో నంబరు’ అని అడిగినట్టే, వాల్వు కొనేటప్పుడు కూడా ముందు నంబరే అడుగుతారు. 40 నంబరు నూలుకు బదులు 20 వస్తే చద్దరు పాడవుతుంది, అంతే. ఇక్కడ నంబరు మారితే అంతటితో పోదు.

క్లీవ్‌లండ్ తరవాత చాలా ఏళ్లు ఈ పనికి ఎవరూ ధైర్యం చేయలేదు. 1959లో ‘మీథేన్ పయనీర్’ అనే ఓడ అమెరికాలోని లూసియానా నుంచి ఇంగ్లండులోని కాన్వీ దీవికి ద్రవ గ్యాసును క్షేమంగా చేర్చింది. 1964లో అల్జీరియాలోని ఆర్జూలో మొదటి వ్యాపార ద్రవీకరణ ప్లాంటు మొదలైంది. ఖతర్ 1990లలో దిగింది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో ఎక్కువమందికి కట్టడాల పనే దొరికింది. మా మామకు ఐటీఐ ఉండటం వల్ల పైపుల పని దొరికింది.

ఇప్పుడు మామ చెప్పిన వాల్వు. ఫోనులో ఫొటో చూపించాడు. దాని మెడ పొడుగ్గా ఉంది, కొంగ మెడలాగా. పైపు దగ్గర వాల్వు ఒళ్లు, అక్కడి నుంచి పైకి మూరెడు పొడవు గొట్టం, ఆ పైన తిప్పే చక్రం. పైపు మీద, వాల్వు కింది భాగం మీద తెల్లగా మంచు పేరుకుంది. చక్రం దగ్గర మాత్రం ఏమీ లేదు. నేను ఇంత పొడుగెందుకని అడిగాను.

‘చక్రం తిప్పితే లోపల కాడ తిరుగుతది గదా బిడ్డా. ఆ కాడ పక్కనుంచి గ్యాసు రాకుండ పైన ప్యాకింగ్ కూరుతం. ఆ ప్యాకింగ్‌కు చలి తగిలితె గట్టిపడి సందు ఇడుస్తది. తడిగాలి తగిలితె కాడకు మంచు పట్టి తిరగనే తిరగది. అందుకే ప్యాకింగ్‌ను చలికి దూరం పెట్టాలె’ అన్నాడు.

పొడుగు గొట్టంలో కిందినుంచి వచ్చిన ద్రవం కొంచెం వేడెక్కి ఆవిరిగా మారి అక్కడే నిలిచిపోతుంది. ఆ ఆవిరి ఒక దుప్పటిలా పనిచేసి చలిని పైకి రానివ్వదు. కానీ ఆ దుప్పటి నిలవాలంటే వాల్వు నిటారుగానో, నిటారుకు దగ్గరగానో నిలబడాలి. పడుకోబెడితే ద్రవం నేరుగా ప్యాకింగ్ దాకా పారుతుంది. నిలువు గీతకు 45 డిగ్రీలు దాటి వంచకూడదన్నది సాధారణంగా పాటించే నియమం. మంచి వాల్వు కొని వంకరగా బిగిస్తే కొన్న డబ్బు దండగ. కాబట్టి ఎంపిక అంటే దుకాణంలో అయిపోయేది కాదు, ఎక్కడ, ఎలా నిలబెడతామో కూడా అందులోదే.

నాకు అన్నిటికన్నా నచ్చింది రంధ్రం సంగతి. బాల్ వాల్వు లోపల మధ్యలో బొక్క ఉన్న లోహపు గోళం ఉంటుంది. గోళాన్ని తిప్పి బొక్కను పైపుకు ఎదురుగా పెడితే దారి తెరుచుకుంటుంది, అడ్డంగా తిప్పితే మూసుకుంటుంది. మూసినప్పుడు ఆ గోళం కడుపులో కొంచెం ద్రవం చిక్కుకుంటుంది. నీళ్ల పైపులో అయితే ఆ గుక్కెడు నీటితో ఏ బాధా లేదు. ఎల్‌ఎన్‌జి అయితే అది మెల్లగా వేడెక్కి గ్యాసు కావాలనుకుంటుంది. 600 రెట్లు చోటు కావాలి, చోటు లేదు. ఒత్తిడి పెరిగి పెరిగి వాల్వునే చీల్చగలదు. అందుకని గోళానికి ఒకవైపు చిన్న రంధ్రం వేస్తారు. చిక్కుకున్నది ఆ రంధ్రంలోంచి, ద్రవం వచ్చే వైపుకే తిరిగి పోతుంది. కావాలని లీకు పెట్టడం అన్నమాట! దీనివల్ల ఒక కట్టుబాటు వస్తుంది. రంధ్రం ఉన్న వాల్వు ఒకవైపు నుంచే సరిగ్గా మూస్తుంది. అందుకే దాని ఒంటిమీద బాణం గుర్తు ఉంటుంది. ఒక ప్లాంటులో ఎవరో ఆ బాణం చూడకుండా తిరగేసి వెల్డింగ్ చేశారట. చల్లని ద్రవం వదలకముందు చేసే తనిఖీలో బయటపడింది. కోసి తీసి మళ్లీ అతికించడానికి రెండు రాత్రులు పట్టిందని మామ చెప్పాడు.

పెద్ద పైపులకు బాల్ వాల్వు చాలా బరువవుతుంది. అంత లోహాన్ని చల్లబరచడానికే బోలెడు ద్రవం ఆవిరై పోతుంది. అందుకని అక్కడ పళ్లెంలాంటి బిళ్ల తిరిగే బటర్‌ఫ్లై వాల్వు పెడతారు. ప్రవాహాన్ని కొంచెం కొంచెంగా తగ్గించాలంటే, అంటే జేటీ వాల్వు చేసే పనికి, గ్లోబ్ రకం. పంపు వెనక, ద్రవం తిరిగి రాకుండా, మన గుండెలో ఉన్నలాంటిదే ఒకవైపు కవాటం. ఇవన్నీ వీలైనంత వరకు బోల్టులతో కాకుండా వెల్డింగుతో అతికిస్తారు, ఎందుకంటే బోల్టు జాయింటు చలికి ముడుచుకుని సందు వదలవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలు పైపు మామూలు వేడి నుంచి ఆ చలికి వెళ్లేసరికి మీటరుకు దాదాపు మూడు మిల్లీమీటర్లు కురచ అవుతుంది. కరెంటు పోయినా, గాలి ఒత్తిడి పోయినా స్ప్రింగు బలంతో తమంతట తామే మూసుకునే అత్యవసర వాల్వులు వేరే ఉంటాయి. అవి మరీ టక్కున మూసుకున్నా కష్టమే, పారే ద్రవం గోడకు కొట్టుకున్నట్టు పైపును కుదిపేస్తుంది.

అన్నిటికన్నా సున్నితమైనది సీటు, అంటే మూసినప్పుడు గోళమో బిళ్లో ఆనుకునే మెత్తటి వలయం. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనిపెట్టిన టెఫ్లాన్ దీనికి బాగా పనికొచ్చింది. చలిలోనూ జారుడుగా ఉంటుంది, రసాయనాలకు లొంగదు. కానీ చలికి లోహం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ముడుచుకుంటుంది. అందుకే దాని వెనక చిన్న స్ప్రింగు పెట్టి ఎప్పుడూ లోహానికి నొక్కి ఉంచుతారు. మంట తగిలితే మెత్తని సీటు మాడిపోతుంది కాబట్టి దాని వెనక లోహపు అంచు ఒకటి రెండో కాపలాగా ఉండాలి. గ్యాసులో నీటి తేమ, కార్బన్ డయాక్సైడ్ మిగిలితే అవి గడ్డకట్టి సీటును గీరుతాయి. వాటిని ముందే తీసేయాలి.

ఈ మెత్తని వలయం ఎంత పని చేయగలదో తెలుగువాళ్ల సముద్రతీరమే చూసింది. శ్రీహరికోట నుంచి 2021 ఆగస్టు 12 తెల్లవారుజామున జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 రాకెట్ ఈవోఎస్-03 ఉపగ్రహంతో లేచింది. దాని పై దశ క్రయోజెనిక్, అంటే అతి శీతల ద్రవాలతో నడిచేది. అందులో మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ ఉంటుంది, మామ ఎల్‌ఎన్‌జి కన్నా చాలా చల్లనిది. మొదటి రెండు దశలూ సరిగ్గా పనిచేశాయి. మూడోది సరిగా అంటుకోలేదు. 307 సెకన్ల దగ్గర ప్రయాణం ఆగిపోయింది, ఉపగ్రహం పోయింది.

ఇస్రో కమిటీ లెక్కలన్నీ చూసి కారణం చెప్పింది. హైడ్రోజన్ ట్యాంకులో ఉండాల్సినంత ఒత్తిడి లేదు. ట్యాంకు మీద ఎక్కువైన ఒత్తిడిని వదలడానికి పెట్టిన వాల్వు, అంటే నాన్న బాయిలర్ మీది సేఫ్టీ వాల్వుకు చుట్టమే, కొంచెం కొంచెంగా లీకయింది. దానిలోని మెత్తని సీలు దెబ్బతిని ఉండవచ్చన్నారు. వాల్వు పనిచేస్తున్నప్పుడు గానీ, ఏదైనా నలుసు పడి గానీ, చలికి బిగుతు మారి వాల్వు మీద ఒత్తిడి పడి గానీ అలా జరిగి ఉంటుందని చెప్పారు. ఇంజిన్ బాగుంది, కంప్యూటర్లు బాగున్నాయి, ఇంధనం ఉంది. ఒక వలయం సరిగ్గా ఆనలేదు. తరవాత ఆ వాల్వును గట్టిపరిచారు, ట్యాంకులో ఒత్తిడి తగ్గితే నింపే ఏర్పాటు చేయాలన్నారు. 2023 మే 29న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్12 అదే శ్రీహరికోట నుంచి ఎన్‌వీఎస్-01 ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చింది. మామకు ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోలేదు. ‘నలుసే బిడ్డా, నలుసే. మేం బిగించే ముందు బట్టతోని తుడిస్తె చాలదు, ఆ బట్ట నూలు పోగు గూడ లోపల ఉండొద్దు’ అన్నాడు. నూలు పోగులతో బతికే ఇంట్లో ఆ మాట వింటే నానమ్మ నవ్వింది.

ఇలాంటివి ముందే పట్టుకోవడానికే పరీక్షలు. బ్రిటన్‌లో 1984లో బీఎస్ 6364 అనే ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం వాల్వును మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచి, లోపల హీలియం గ్యాసు నింపి, మూసినప్పుడు ఎంత జారుతుందో కొలుస్తారు. హీలియం అణువు చాలా చిన్నది, ఎంత సన్నని సందు ఉన్నా దూరిపోతుంది, అందుకే అది. మామూలు గదిలో నీళ్లతో పరీక్షించి బాగుందని సంతకం పెట్టిన వాల్వు ఈ తొట్టిలో దిగాక బుడగలు వదలవచ్చు. కొనేవాళ్లు ఆ పరీక్ష కాగితం అడగాలి. తక్కువ ధర చూసి ఆ కాగితం వదిలేయడమే అన్నిటికన్నా ఖరీదైన పొదుపు అని నా అభిప్రాయం.

2004 జనవరి 19న అల్జీరియాలోనే స్కిక్దా అనే చోట ఎల్‌ఎన్‌జి ప్లాంటు పేలి 27 మంది చనిపోయారు. ఆరు ద్రవీకరణ లైన్లలో మూడు నాశనమయ్యాయి. చల్లని వైపు ఎక్కడో గ్యాసు లీకయింది. దగ్గర్లో ఉన్న ఆవిరి బాయిలర్ మంటకోసం గాలి పీల్చుకుంటూ ఆ గ్యాసును కూడా పీల్చుకుంది. బాయిలర్ పేలింది, ఆ మంటతో బయటి గ్యాసు మబ్బు పేలింది. నాన్న పనీ మామ పనీ ఒకే చోట కలిస్తే ఏమవుతుందో ఇది. మామ ఈ కథ చెప్పినప్పుడు నాన్న కంచంలో అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు.

అదే జనవరి చివర, అంటే ఆ ప్రమాదం జరిగిన రెండు వారాలలోపే, గుజరాత్‌లోని దహేజ్‌కు ఖతర్ నుంచి మొదటి ఎల్‌ఎన్‌జి ఓడ వచ్చింది. మన దేశంలో అదే మొదటి టెర్మినల్. మన మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా దాభోళ్‌లో 2013లో మరొకటి మొదలైంది. ఇక్కడివి ద్రవాన్ని మళ్లీ గ్యాసుగా మార్చేవి, కానీ వాల్వుల చలి అదే, ప్రశ్నలు అవే. 2024 మార్చిలో గెయిల్ మధ్యప్రదేశ్‌లోని విజయ్‌పూర్‌లో చిన్న ద్రవీకరణ యూనిట్ కూడా ప్రారంభించింది. అంటే మా అన్నయ్యలాంటివాళ్లు ఐటీఐ చేస్తే ఈ పనికి గల్ఫే పోవాలని లేదు. పవర్‌లూముల మీద పని తగ్గిపోతున్నప్పుడు ఇంట్లో ఈ లెక్క కూడా నడుస్తోంది. అమ్మకు మాత్రం ఇష్టం లేదు. వాడు ఎక్కడ ఉన్నా వాల్వుల దగ్గరే ఉంటాడని ఆమె భయం.

ఆమె ముందే ఒకరోజు నాన్న మామను అడిగాడు. ‘మీ పెద్ద ట్యాంకు మీద సేఫ్టీ వాల్వుకు సీలు ఉంటదా? తనిఖీకి దాన్ని తీసినప్పుడు ట్యాంకు గతి ఏంది? నా బాయిలర్ అయితె ఆ రోజు ఆర్పేస్త. మీరు ఆర్పలేరు గదా.’

మామ చెప్పాడు. ఒకటి కాదు, చాలా ఉంటాయి, అవసరమైన దానికన్నా కనీసం ఒకటి ఎక్కువ. ఒకదాని దారి మూస్తే తప్ప దాన్ని విప్పలేరు, ఇంకోదాని దారి తెరిచి ఉంటే తప్ప మొదటిది మూయడానికి తాళంచెవి ఊడిరాదు. అంతేకాదు, లోపలికి తెరుచుకునేవి కూడా ఉంటాయట. ట్యాంకులోంచి ద్రవం వేగంగా తోడేసినప్పుడు లోపల ఒత్తిడి బయటికన్నా తగ్గితే, అంత పెద్ద ట్యాంకు ఖాళీ పాల ప్యాకెట్టులా లోపలికి ముడుచుకుపోవచ్చు. అప్పుడు బయటినుంచి గాలినో గ్యాసునో లోపలికి పోనిచ్చే కవాటాలు అవి. నాన్న చాలాసేపు దాని గురించే ఆలోచించాడు. నలభై ఏళ్ల వయసులో ఆయన అప్పటిదాకా చూసిన సేఫ్టీ వాల్వులన్నీ బయటికి తెరుచుకునేవే.